హోల్‌సేల్ చేపల గోడౌన్‌లోకి మనల్ని ఎందుకు రానివ్వరు?

మధురవాడ_ట్యాంక్ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈరోజు జరిగింది ఇక్కడ చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఇంట్లో నాలుగడుగుల అక్వేరియం ట్యాంకు పెట్టి రెండు నెలలైంది. సైకిల్ (నీళ్లు చేపలకు సిద్ధమవడం) పూర్తయింది, మొక్కలు వేరుపట్టాయి. 30 కార్డినల్ టెట్రాలు (ఎరుపు, నీలం చారల చిన్న చేపలు) ఒకేసారి వేసి, గుంపుగా తిరుగుతుంటే చూడాలని నా కోరిక. షాపుల్లో ఒక్కోటి 80 నుంచి 100 రూపాయలు చెబుతున్నారు. మన విశాఖలో పెందుర్తి వైపు ఒక హోల్‌సేల్ గోడౌన్ ఉందని తెలిసి, మా బామ్మర్దిని ఎక్కించుకుని బండి మీద ఎండలో వెళ్లాను. షట్టరు సగం దించి ఉంది. లోపల బ్లోయర్ చప్పుడు వినిపిస్తోంది. ఒకాయన బయటికొచ్చి "షాపు పేరేంటండీ?" అన్నాడు. షాపు లేదు, ఇంటికే అన్నాను. "షాపులకే ఇస్తాం సార్" అన్నాడు. డబ్బు ఇప్పుడే ఇస్తాను, పోనీ ఒక్కసారి చూసి వెళ్తాను అని బతిమాలాను. వినలేదు. షట్టరు పూర్తిగా దించేశాడు.

చాలా బాధేసింది. నేను దొంగనా? చేపలంటే ఇష్టం ఉన్నవాడిని. లోపల ఏం దాస్తున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి.

---

నీటిమొక్క | ఆదివారం, రాత్రి 9:40

మీకు ఈరోజు జరిగింది, నాకు మూడేళ్ల క్రితం జరిగింది. వేరే గోడౌన్, మాట మాత్రం అదే. చచ్చిన చేపలు కనిపిస్తాయని రానివ్వరేమో అని అప్పట్లో అనుకున్నాను. ఇప్పటికీ నా అనుమానం పూర్తిగా పోలేదు.

---

ఆక్సిజన్_కవర్ | ఆదివారం, రాత్రి 11:05

తమ్ముడూ, నేను అలాంటి గోడౌన్‌లో ఆరేళ్లు పనిచేశాను. ఇప్పుడు వేరే పనిలో ఉన్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన ఊరికి వచ్చే చేపల్లో చాలావరకు కోల్‌కతా వైపు నుంచో, చెన్నై కొళత్తూరు నుంచో వస్తాయి. హౌరా నుంచి విశాఖకు రైల్లో దాదాపు 880 కిలోమీటర్లు. ప్యాకింగ్‌కు ముందు ఒకటి రెండు రోజులు వాటికి మేత ఆపేస్తారు, దారిలో నీళ్లు పాడవకూడదని. కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. చిన్న చేపలు మూలల్లో ఇరుక్కుని చావకుండా కవరు మూలలు మడిచి రబ్బరు బ్యాండు వేస్తారు. ఆ కవర్లను థర్మాకోల్ పెట్టెల్లో పెట్టి సీలు చేస్తారు. పెట్టెలు పార్సిల్ ఆఫీసులో ఎక్కి దిగి, ఆటోలో గోడౌన్‌కు చేరేసరికి తెల్లవారుతుంది. ఎక్కడైనా ఆలస్యమైతే మధ్యాహ్నమే.

పెట్టె తెరిచిన మొదటి గంటే అన్నిటికంటే ప్రమాదం. ఈ సంగతి చాలామందికి తెలియదు. కవర్లో చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీళ్ల పీహెచ్ పడిపోయి, అంటే నీళ్లలో ఆమ్లం పెరిగి ఉంటుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా పేరుకున్నా, తక్కువ పీహెచ్‌లో అది పెద్దగా విషం చూపించదు. కవరు విప్పగానే ఆ గ్యాస్ ఎగిరిపోయి పీహెచ్ పైకి లేస్తుంది. పీహెచ్ ఒక పాయింటు పెరిగితే విషపు అమ్మోనియా సుమారు పది రెట్లవుతుంది. అప్పటిదాకా బతికున్న చేప, మన కళ్ల ముందే మొప్పలు కాలిపోయి పడిపోతుంది. అందుకే కవర్లు విప్పేటప్పుడు మాట్లాడటానికి కూడా మాకు తీరిక ఉండేది కాదు. వేడి సరిచూసుకున్నాక కవరు విప్పడం, ఆ నీళ్లు పారబోయడం, చేపను మాత్రం తొట్టిలోకి వదలడం. ఇలా 60, 70 కవర్లు. లైట్లు వేయనిచ్చేవాళ్లు కాదు. రాత్రంతా చీకట్లో ఉన్న చేప మీద ఒక్కసారిగా వెలుగు పడితే అది బెదిరి గోడకు కొట్టుకుంటుంది.

ఆ రోజు మేత పెట్టం. తొట్టిలో కొంచెం ఉప్పు వేస్తాం. మూడో రోజు నుంచి గమనించడం మొదలు. తెల్లమచ్చల జబ్బు ఉంటే మన ఊరి వేడికి నాలుగైదు రోజుల్లో బయటపడుతుంది. చేప ఒంటి మీద మచ్చగా ఉన్నప్పుడు మందు దాన్ని ఏమీ చేయలేదు. ఆ పురుగు రాలి, అడుగున గూడు కట్టి, వందల పిల్లలుగా చీలి, మళ్లీ చేపను వెతుక్కుంటూ నీళ్లలో ఈదుతుంది. ఆ కాస్త సమయంలోనే మందు పనిచేస్తుంది. అందుకే మందు వరసగా చాలా రోజులు వేయాలి. ఈలోపు ఆ తొట్టిలో ముంచిన వల ఇంకో తొట్టిలో ముంచితే పని అయిపోయినట్టే. మా దగ్గర వరసకో వల ఉండేది. వాడిన ప్రతిసారీ క్రిములు చచ్చేలా పర్మాంగనేట్ నీళ్లలో ముంచాలి. తొట్టికి తొట్టికి విడిగా స్పాంజి ఫిల్టరు.

ఒకసారి ఓనరు బంధువులు పిల్లలతో వచ్చారు, కాదనలేకపోయాడు. పిల్లలు చేతులు పెట్టారు, వల తీసుకుని రెండు మూడు తొట్లలో తిప్పారు. అద్దాల మీద కొట్టారు. వారం తిరిగేసరికి అప్పటిదాకా శుభ్రంగా ఉన్న ఏంజెల్ చేపల వరస మొత్తానికి మచ్చలు వచ్చాయి. అదే కారణమని నేను నిరూపించలేను. కానీ ఆ నెల ఆయన మొహం చూసినవాడిని. ఆ తర్వాత అయినవాళ్లను కూడా షట్టరు దాటనివ్వలేదు.

నిన్ను దొంగ అనుకుని కాదు తమ్ముడూ. అది దుకాణం కాదు, దాదాపు ఆసుపత్రి వార్డు. చూడటానికి వచ్చినవాళ్లను ఐసీయూలోకి పంపరు కదా.

---

మధురవాడ_ట్యాంక్ | సోమవారం, ఉదయం 7:30

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. అమ్మోనియా సంగతి నాకు నిజంగా తెలియదు. ఇన్నాళ్లూ కవర్లో నీళ్లు కూడా ట్యాంకులోనే పోసేవాడిని.

కానీ ఒక్క మాట. చేతులు పెట్టను, దూరంగా నిలబడతాను అన్నా రానివ్వలేదే? పైగా జబ్బు భయమైతే షాపువాళ్లు మాత్రం లోపలికి ఎలా వెళ్తారు? వాళ్ల చేతులకు అంటదా? ధర దాచుకోవడానికే ఇదంతా అని మా బామ్మర్ది అంటున్నాడు.

---

గాజువాక_షాపు | సోమవారం, మధ్యాహ్నం 2:18

మీ బామ్మర్ది గారి మాటలో కొంత నిజం ఉంది. దాచను. నేను 17 ఏళ్లుగా షాపు నడుపుతున్నాను. నాకు 35కి పడిన చేప నా షాపులో 80 అని చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

అయితే లెక్క చూడండి. నేను 100 కార్డినల్స్ ఒక లాటుగా తీసుకోవాలి. పది కావాలంటే ఇవ్వరు. అక్కడికే 3,500. మొదటి వారంలో పది పదిహేను పోతాయి, ఒక్కోసారి ముప్పై కూడా పోయాయి. అవి నా ఖాతాలోనే. మిగిలినవి అమ్ముడవడానికి మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా మేత, మందులు, కరెంటు, అద్దె, కుర్రాడి జీతం. రాత్రి రెండింటికి కరెంటు పోతే లేచి బ్యాటరీ పంపు పెట్టేది నేనే.

ఇంకోటి, ఒక్క చేప అమ్మడానికి అరగంట మాట్లాడతాను. గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్ పెడతాం అని వస్తారు. కూర్చోబెట్టి, వద్దు బాబూ, అది జానెడు పెరుగుతుంది, గిన్నెలో ఊపిరాడక పోతుంది అని చెప్పాలి. ఏంజెల్‌తో టైగర్ బార్బ్‌లు కలపొద్దు, రెక్కలు కొరికేస్తాయి అని చెప్పాలి. హోల్‌సేల్ మనిషికి ఇవన్నీ చెప్పే టైమ్ లేదు. వాడు పెట్టెలు ఎత్తాలి, కవర్లు కట్టాలి, బండి ఎక్కించాలి. చెప్పకుండా అమ్మితే చచ్చేది చేపే.

షాపువాళ్లు లోపలికి ఎలా వెళ్తారని అడిగారు. నేను కూడా అన్ని వరసల్లోకీ వెళ్లను. ఫోన్‌లో ఆర్డరు చెప్తాను, వాళ్లే పట్టి ప్యాక్ చేసి గుమ్మం దగ్గర పెడతారు. వెళ్లినా చెప్పులు బయటే, చేతులు నీళ్లలో పెట్టేది లేదు. లోపల నేలంతా తడి, కాళ్ల దగ్గర వైర్లు, పక్కన ఆక్సిజన్ సిలిండర్లు. ఎవరైనా జారిపడితే ఎవరిది బాధ్యత?

అసలు సంగతి వేరే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో ఆరు రోజులు కరెంటు లేదు. డీజిల్ దొరకలేదు. తాగే నీళ్లకే లైన్లు. బకెట్లతో నీళ్లు ఎత్తి పోస్తూ, నేనూ మా ఆవిడా రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రోజుకు షాపులో మిగిలినవి ఫైటర్లు, గౌరామీలు మాత్రమే, అవి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి కాబట్టి. మిగతా అంతా బస్తాల్లో ఎత్తి పాతిపెట్టాను. షాపు మూసేద్దామనుకున్నాను. నాకు సరుకిచ్చే హోల్‌సేలర్‌కు నాకంటే పది రెట్ల నష్టం. అయినా అతను ఫోన్ చేసి, "సరుకు పంపిస్తాను, డబ్బులు సంక్రాంతి తర్వాత చూద్దాం" అన్నాడు. నాతోపాటు ఇంకా ఎన్నో షాపులకు అలాగే ఇచ్చాడు.

ఆ మనిషి ఇప్పుడు నా కస్టమరుకు నేరుగా 35కి అమ్మితే నేను ఏమైపోవాలి? అతను అమ్మడు. అలాగే నేను వేరే చోట రూపాయి తక్కువని సరుకు తెచ్చుకోను. ఆ షట్టరు దించడంలో ఇది కూడా ఉంది సార్.

---

నీటిమొక్క | సోమవారం, మధ్యాహ్నం 3:02

హుద్‌హుద్ రోజులు గుర్తుచేశారు. మా ఇంట్లోనూ అంతే. మీ మాట చదివాక కాసేపు ఏమీ రాయాలనిపించలేదు.

---

భీమిలి_హేచరీ | సోమవారం, రాత్రి 8:45

నేను భీమిలి దగ్గర రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్‌ని. మా వైపు ఇది ఎవరికీ వింతగా అనిపించదు. మా గేటు దగ్గర బండి టైర్లు మందు నీళ్లలోంచి వెళ్లాలి. మనుషుల కాళ్లు, చేతులు కూడా. ఒక సెక్షన్ మగ్గు ఇంకో సెక్షన్‌లోకి పోకూడదు. సరుకు కొనే రైతు కూడా తల్లి రొయ్యల గదిలోకి రాడు. పిల్లల శాంపిల్ బయటికి తెచ్చి చూపిస్తాం.

ఇదంతా ఊరికే రాలేదు. 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్ మన కోస్తా చెరువుల్ని ఊడ్చేసింది. మా నాన్న తరం టైగర్ రొయ్య రైతులు పొలాలు అమ్ముకున్నారు. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి ఇచ్చాక కూడా, విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు ముందు చెన్నైలోని నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్షలు అయ్యాకే హేచరీలకు రావాలని పెట్టారు. (రొయ్యల తెల్లమచ్చ వైరస్. పైన అన్న చెప్పిన చేపల తెల్లమచ్చ కంటికి కనిపించేంత పరాన్నజీవి. పేరు ఒకటే, జబ్బులు వేరు. ఈ రెండూ కలిపేసి తప్పు మందులు వేస్తుంటారు.)

అక్వేరియం చేపలకు అంత కట్టుదిట్టం ఎక్కడుంది? గోడౌన్ యజమాని సొంతంగా పెట్టుకున్న షట్టరే వాటికి ఉన్న క్వారంటైన్. ఉన్న ఆ ఒక్కటీ తీసేయమని మనమే అడగడం నాకు నచ్చలేదు.

---

రెండుసార్లు_కొళత్తూరు | మంగళవారం, ఉదయం 10:20

నేను ఒప్పుకోను. చెన్నై కొళత్తూరు వెళ్లి చూడండి. వీధి పొడవునా చేపల షాపులే, ఎవరైనా వెళ్లి చూడొచ్చు, పట్టుకుని చూపిస్తారు, ఐదు చేపలైనా ఇస్తారు. కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారం సంత, జనం భుజాలు రాసుకుంటూ తిరుగుతారు. అక్కడ రాని జబ్బులు మన వైజాగ్‌లోనే వస్తాయా?

---

ఆక్సిజన్_కవర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అక్కడా వస్తాయి బాబూ. గాలిఫ్ స్ట్రీట్ కవర్లలో పొద్దున్నుంచి ఎండలో వేలాడిన చేప ఇంటికొచ్చాక ఎన్నాళ్లుంది అని కొన్నవాళ్లను అడగండి.

కొళత్తూరు విషయం మాత్రం వేరు. ఆ చుట్టుపక్కల ఎంతోమంది ఇంటి వెనక సిమెంటు తొట్లలో గప్పీ, మోలీ, గోల్డ్‌ఫిష్, ఏంజెల్ సొంతంగా పెంచుతారు. ఆ చేప పుట్టింది ఆ నీళ్లలోనే, రైలెక్కలేదు, ఉపవాసం లేదు. నువ్వు చూసిన వీధి ముందు గది లాంటిది. పెంపకందారు తల్లి చేపలు ఉంచే షెడ్డులోకి నిన్ను పంపారా?

---

రెండుసార్లు_కొళత్తూరు | మంగళవారం, మధ్యాహ్నం 1:50

పంపలేదు. అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట ఒప్పుకుంటాను.

---

నీటిమొక్క | మంగళవారం, సాయంత్రం 6:33

నా అనుమానం సగమే తీరింది. మూసిన తలుపు మంచి గోడౌన్‌నూ కాపాడుతుంది, చెడ్డ గోడౌన్‌నూ కాపాడుతుంది. సూదితో రంగులు ఎక్కించిన గాజు చేపలు మన షాపుల్లోకి ఎక్కడి నుంచి వస్తున్నాయి? అవి మన చెరువుల్లో పుట్టే చేపలే. అద్దంలా ఉండే ఒంట్లోకి రంగు పొడుస్తారు. కొన్ని నెలల్లో ఆ రంగు పోతుంది, చాలా చేపలు అప్పటిదాకా బతకను కూడా బతకవు. సముద్రపు గుర్రాలకు, పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. అయినా "కావాలంటే తెప్పిస్తాం" అని నాతో అన్న షాపు మన ఊళ్లోనే ఉంది. ఇలాంటివన్నీ ఏదో ఒక షట్టరు వెనక నుంచే వస్తాయి కదా?

జనం లోపలికి రావద్దంటే సరే. మరి లోపల ఏం జరుగుతోందో చూసే కన్ను ఎవరిది?

---

గాజువాక_షాపు | మంగళవారం, రాత్రి 9:10

మాదే మేడమ్. తప్పించుకోను. షాపువాడు రంగు చేపలు ఆర్డరు పెట్టకపోతే హోల్‌సేలర్ తెప్పించడు. నేను నాలుగేళ్ల క్రితం మానేశాను. కానీ పిల్లలు వచ్చి పింక్ చేప, నీలం చేప అని ఏడుస్తారు, పక్క షాపుకు వెళ్లిపోతారు. ఆ ఒత్తిడి కూడా నిజమే. మీలాంటివాళ్లు ఆ చేప కనిపించిన ప్రతి షాపులో ఎందుకు తెచ్చారని అడగండి. పదిమంది అడిగితే ఆగిపోతుంది.

---

అక్కయ్యపాలెం_అమ్మ | బుధవారం, ఉదయం 11:25

మీ చర్చ మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు హోల్‌సేల్ తెలియదు. మా బాబుకు ఎగ్జిబిషన్‌లో చిన్న డబ్బాలో ఫైటర్ చేప కొన్నాం. మూడో రోజుకు చనిపోయింది. వాడు అన్నం తినలేదు. అమ్మినవాళ్లు ఏమీ చెప్పలేదు. రోజూ నీళ్లు మొత్తం మార్చాను, శుభ్రంగా ఉండాలని. అదే తప్పా?

---

గాజువాక_షాపు | బుధవారం, మధ్యాహ్నం 12:40

అమ్మా, మీ తప్పు కాదు, చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. నేరుగా పోస్తే మొప్పలు దెబ్బతింటాయి. యాంటీ క్లోరిన్ చుక్కలు ఏ షాపులోనైనా దొరుకుతాయి, అవి వేసి వాడండి. మొత్తం నీళ్లు ఎప్పుడూ మార్చొద్దు. వారానికి ఒకసారి పావు వంతు చాలు. ఫైటర్‌కు కనీసం 10, 15 లీటర్ల తొట్టి, మూత, చిన్న స్పాంజి ఫిల్టరు ఉండాలి. మేత దాని కన్ను సైజు గింజలు రెండు మూడు, అంతే. మళ్లీ కొనేముందు ఖాళీ తొట్టి సిద్ధం చేసుకుని నాకు మెసేజ్ పెట్టండి. బాబును తీసుకురండి, చూపించి చెప్తాను.

---

పాత_సక్కర్ | బుధవారం, రాత్రి 8:00

నా సక్కర్ చేప (అద్దాల మీద పాచి తినేది) అడుగున్నర అయింది. షాపువాళ్లు వద్దంటున్నారు. హోల్‌సేల్‌వాళ్లయినా తిరిగి తీసుకుంటారా? లేకపోతే ముడసర్లోవలో వదిలేద్దామనుకుంటున్నాను.

---

భీమిలి_హేచరీ | బుధవారం, రాత్రి 8:12

దయచేసి వదలొద్దు. అది తాగునీటి చెరువు కూడా. ఇలా వదిలిన సక్కర్లే మన రాష్ట్రంలో చెరువుల్లోకి, నదుల్లోకి చేరి దెయ్యం చేప అనిపించుకుంటున్నాయి. ముళ్లతో వలలు చింపేస్తాయి, మన చేపల గుడ్లు తింటాయి. హోల్‌సేల్‌లో తిరిగి తీసుకోరు, బయట నీళ్లలో ఉన్న చేప కదా. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లు ఈ గ్రూపులోనే దొరుకుతారు, ఫొటో పెట్టండి. నేనూ అడుగుతాను.

---

మధురవాడ_ట్యాంక్ | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:30

ఇన్నాళ్లకు రాస్తున్నాను. గాజువాక అన్న సలహాతో నలుగురం కలిసి 100 కార్డినల్స్ లాటు ఆయన షాపు ద్వారానే పెట్టించాం. ఒక్కోటి 55 పడింది. చేపలు దిగే రోజు నన్నూ రమ్మన్నారు, షాపుకే. తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్లాను. లైట్లు తీసేసి, ఫోన్ వెలుతురు కూడా పక్కకు తిప్పి కవర్లు విప్పాం. ఒక కవర్లో తొమ్మిది చనిపోయి ఉన్నాయి. ఆ కవరు నా చేతిలోనే ఉంది. ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఆ రోజే ఇంటికి తీసుకెళ్తానంటే ఆయన ఇవ్వలేదు. పది రోజులు ఆగమన్నారు. ఐదో రోజు ఫోన్ చేసి, రెండు చేపలకు రెక్కల మీద మచ్చలు కనిపిస్తున్నాయి, ఇంకా ఆగాలి అన్నారు. అప్పుడు మధ్యలో చూడటానికి వస్తానన్నాను. "మందు వేస్తున్నాను, తొట్టికి గుడ్డ కప్పాను, వద్దు" అన్నారు. ఈసారి నాకు బాధేయలేదు.

నిన్న 26 చేపలు ఇంటికి తెచ్చాను. ఇప్పుడే లైటు తీశాను. మొక్కల వెనక గుంపుగా నిలబడ్డాయి. రేపు ఉదయం మేత పెట్టొచ్చా, ఇంకో రోజు ఆగాలా?

---

ఆక్సిజన్_కవర్ | శనివారం, రాత్రి 10:41

ఉదయం కొంచెం పెట్టి చూడు. రెండు నిమిషాల్లో తినకపోతే మిగిలింది తీసేయ్.

---

రెండుసార్లు_కొళత్తూరు | శనివారం, రాత్రి 11:03

తర్వాతి లాటులో నాకు 20 రాయండి. పది రోజులు కాదు, నెలైనా ఆగుతాను.